పెనం మీద లారీ నూనె

ఇయ్యాల పొద్దుగాల కోడలు కాలిన పెనం మీద నీళ్లు చల్లింది. ఆ చిటపటకు మా బాపు నడిపిన లారీ యాదికొచ్చింది. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే లారీలు మన ఈడోళ్లకు యాదుంటయి కదా.

బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ జోరుగ నడుస్తున్న రోజులు. రెంజల్ రైతు రాజన్నను, ఆయన చెరుకును ఎక్కించుకొని బాపు వస్తుంటే, వాగుల ఇంజన్‌కు నీళ్లెక్కి లారీ ఆగింది. ఎడ్లు కట్టి మా ఇంటిముందటికి గుంజుకొచ్చిండ్రు.

బాపు ఇంజన్ల నూనె కొలిచే పుల్ల తీసి సూసిండు. నల్లగ ఉండాల్సిన నూనె పాలు కలిసిన చాయ లెక్క ఉన్నది.

"తిప్పు అన్నా! చెరుకు ఎండితే తూకం పోతది, నేను మునుగుత," అన్నడు రాజన్న.

"నీళ్లు కలిసిన నూనెతోని తిప్పితే ఇంజనే పోతది," అని బాపు పొయ్యి మీది పెనంల నాలుగు చుక్కలేసిండు. చిటపట చిమ్మినయి, నూనెల నీళ్లున్నట్టే.

"నీ లారీకి సుత నేనే వండాల్నా?" అన్నది పొయ్యి కాడున్న మా అవ్వ.

రేడియేటర్ల నీళ్లు నిండుగనే ఉన్నయి. "ఇంజన్ లోపల పగిలితే ఇవి తగ్గేటియి. నూనెల కలిసినయి వాగు నీళ్లే," అన్నడు బాపు. కింది నట్టు ఇప్పి నూనె పారవోసిండు. కొత్తది పోసి, లోపల కడిగినట్టు హ్యాండిల్ మెల్లగ తిప్పి, మల్ల పెనం మీద సూసిండు. ఇంకా చిటపటే. అది సుత పారవోసిండు.

"పిచ్చి లేసిందా అన్నా?" అని రాజన్న తల పట్టుకున్నడు. బాపు ఇంకో డబ్బా పోసి మల్ల మెల్లగ తిప్పిండు. ఈసారి పెనం మీద చుక్క చప్పుడు చెయ్యలే, పొగ మాత్రం లేసింది.

"ఇగ తిప్పు," అన్నడు. రాజన్ననే హ్యాండిల్ పట్టిండు.

పొద్దుగూకినంక బాపు ఇంటికొచ్చిండు. చెరుకు తూకానికెక్కిందట. చేతిల కొత్త పెనం ఉన్నది, అవ్వకియ్యమని రాజన్న కొనిచ్చిండట.