వెల్డింగ్ పెట్టిన పెళ్లికారు

మా ఆయన శివరామ్ అంబత్తూరులో లేతు మిషను మీద పనిచేస్తాడు. వారమంతా ఇనుము తిప్పి, ఆదివారం కారు తిప్పుతాడు. తిప్పడమంటే మామూలుగా కాదు. రెడ్‌హిల్స్ అవతల ఒక మూతపడ్డ గోడౌన్ ఆవరణలో, కారు ముందుకు పోతుండగానే వెనక భాగం పక్కకు జారాలి, టైర్లు పొగలు కక్కాలి, అది చూసి ఈయన స్నేహితులు చప్పట్లు కొట్టాలి. దీన్ని డ్రిఫ్టింగ్ అంటారట. టైర్లను పనిగట్టుకుని అరగదీయడాన్ని నేను ఇంకేదో అంటాను గానీ, ఇక్కడ రాయను.

ఇలాంటి ఆటకు వెనక చక్రాలతో నడిచే కారు కావాలి. ఖరీదైనవి కొనే స్తోమత మాకెక్కడిది? ఉన్నదల్లా మామగారు వదిలిపోయిన తెల్ల అంబాసిడర్. అది మా అత్త పుష్పవల్లి సొత్తు. మేముండే వాషర్‌మెన్‌పేట్‌లో మా తెలుగువాళ్లు ఎవరింట పెళ్లి జరిగినా, ముందురోజు సాయంత్రం పెళ్లికొడుకును ఆ కారులోనే ఊరేగిస్తారు. డ్రైవరు పక్కన పట్టుచీర కట్టుకుని మా అత్త కూర్చుంటే పెళ్లికొడుకు కూడా చిన్నబోతాడు.

అలాంటి కారును బాగుచేస్తానని చెప్పి ఈయన తన చేతిలోకి తీసుకున్నాడు. ఇంజన్ నిజంగానే బాగుచేశాడు. చేతిబ్రేకుకు పొడుగాటి లీవరు తనే లేతు మీద చేసుకున్నాడు. టైర్ల షాపుల్లో పారేసిన బోడి టైర్లు ఏరుకొచ్చి, నేను వడియాలు పెట్టుకునే మేడ మీద పేర్చాడు. ఆదివారం తిరిగొచ్చాక కారు కింద దూరి, వదులైన ప్రతి బోల్టూ బిగించేవాడు. నేను పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు గానీ, స్ప్రింగు కిర్రుమంటే మాత్రం లేచి పరిగెత్తేవాడు.

అంతవరకూ సరే. ఆఖరుకు వెనక ఇరుసు కూడా విప్పాడు. మలుపులో లోపలి చక్రం నిదానంగా, బయటి చక్రం వేగంగా తిరగడానికి ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అని పళ్లచక్రాల పెట్టె ఉంటుంది. కొత్త సామాను కొనే బదులు ఆ పళ్లచక్రాలను వెల్డింగ్ పెట్టి అతికించేశాడు. ఇక రెండు చక్రాలూ ఒక్కటిగానే తిరుగుతాయి. గోడౌన్ ఆవరణలో జారడానికి అది భేషుగ్గా ఉంటుంది. వీధిలో నిదానంగా మలుపు తిప్పితే మాత్రం కారు కీచుమని అరుస్తూ కుప్పిగంతులు వేస్తుంది.

ఈ సంగతి అత్తకు చెప్పమని పోరాను. రేపు, ఎల్లుండి అంటూ దాటేశాడు. ఈలోగా అత్త తమ్ముడి కొడుకు దీపక్‌కు పెళ్లి కుదిరింది. ఊరేగింపుకు కారు ఇస్తానని ఆమె మాట ఇచ్చేసి, కొడుకును పిలిచింది.

"రెండేండ్లుగా దాన్ని ఏమేమో చేస్తాండావు శివా. ఆ పొద్దు నా పరువు పోయిందంటే, పెండ్లి కాంగానే పాత ఇనుము వాడికి తోసేస్తా."

మా అత్త అన్నదంటే చేస్తుంది. అతికించిన పళ్లచక్రాలు ఇక విడిరావు, కొత్తవి కొనడానికి ఈయన దగ్గర డబ్బు లేదు. నాకు ఎంత కోపం ఉన్నా, ఆ ముఖం చూస్తే జాలేసింది.

ఊరేగింపు రోజు వెనక సీటులో దీపక్, ముందు అత్త, స్టీరింగు దగ్గర ఈయన. నేను ఆడవాళ్లతో కలిసి కారు పక్కనే నడుస్తున్నాను. దారి తిన్నగా ఉన్నంతసేపూ బండి దర్జాగా పోయింది. మొదటి మలుపులో కీచుమంది. ఒక గంతు, మరో గంతు. దీపక్ తలపాగా కళ్ల మీదికి జారింది. డప్పులవాళ్లు ఆ ఊపు చూసి చిందులేయించే కుత్తు దరువు అందుకున్నారు, కుర్రాళ్లు ఈలలు వేశారు. అత్త మాత్రం కారు ఆపించింది.

"ఏం చేసినావురా దీన్ని?"

ఆయన ఇక దాచలేదు. ఆదివారాల ఆటతో సహా వెల్డింగ్ సంగతి మొత్తం చెప్పి తల దించుకున్నాడు. ముందర ఇంకో మలుపు ఉంది. అది మరీ ఇరుకు, పైగా పెళ్లి మండపం వాకిలి ఎదురుగానే. అక్కడ బంధువులంతా హారతి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అదంతా ఇంటికి పోయి మాట్లాడదాం. ఆడ ఎగరకుండా తిప్పేదానికి దోవ ఉండాదా లేదా, అది చెప్పు."

"నేల తడిగా ఉంటే చక్రాలు జారతాయమ్మా. ఎగరవు."

అత్త కిటికీలోంచి తల బయటపెట్టి నాకు పని చెప్పింది. ఎదురిళ్లలో బిందెలు అడిగి తీసుకుని, ఆడవాళ్లం మలుపంతా నీళ్లు పోశాం. ఎందుకని అడిగినవాళ్లకు పెళ్లికొడుక్కి మర్యాద అని చెప్పాను. అందరూ నమ్మి, ఇంకో రెండు బిందెలు తెచ్చి పోశారు. ఆయన స్టీరింగు చివరికంటా తిప్పి బండిని మెల్లగా వదిలాడు. వెనక చక్రాలు తడి మీద మెత్తగా జారాయి. అంత పొడుగు బండీ చప్పుడు చేయకుండా మలుపు తిరిగి వాకిట్లో ఆగింది. ఆ నిమిషం మా ఆయన్ని చూసి నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. ఆయనకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక అత్త ఆయన్ని దులిపేసింది. వెల్డింగ్ పెట్టినందుకు కాదు, దాచినందుకు. కారును ఏం చేస్తుందో మాత్రం పైకి చెప్పలేదు. అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

పెళ్లయిన మర్నాడు పక్కవీధి మునియక్క వచ్చింది. వచ్చే నెల ఆదివారం తన మనవడి ఊరేగింపు, కారు ఇదే కావాలి, ఆ నీళ్లు పోసే మర్యాద కూడా జరగాలి అంది. మా అత్త ఆ కారును ఇంతవరకూ ఎవరికీ లేదనలేదు. ఆయన కారు కింద నుంచి తల బయటపెట్టి, స్పానరు చేతిలో పట్టుకుని వింటున్నాడు.

"ఈ తూరికి వేరే బండి చూసుకో అక్కా," అంది అత్త. "ఆదివారం దానికి పని ఉండాది. మావోడు దాన్ని తిప్పల్ల."