శుక్రవారం సంధి

ఈ మధ్య పొద్దున లేవగానే ఫోను తీసి ఇథియోపియా వార్తలు చూడడం నాకు అలవాటైంది. మా నిజామాబాద్‌లో ఎవరు గెలిచారో, ఎవరు పార్టీ మారారో మా ఆవిడ చెబితేనే తెలుస్తుంది. కానీ నేను ఎన్నడూ చూడని, చూడబోని ఆ దేశంలో ఉత్తరాన సైన్యం కదిలిందని ఎక్కడో చిన్న ముక్క కనబడితే చాలు, ఆ రోజంతా పని మీద మనసు నిలవదు. చేతికింది వాళ్ల మీద ఊరికే కేకలేస్తాను. మధ్యాహ్నం మళ్లీ చూస్తాను. ఏమీ జరగలేదని తెలిసినా నమ్మకం కుదరదు. దీనంతటికీ కారణం ఒక కాగితం. దాని మీద సంతకం పెట్టింది నేనే.

గల్ఫ్‌లో, దమ్మామ్‌లోని ఒక పెద్ద గోడౌన్‌లో కన్వేయర్ బెల్టులు బాగుచేసే గ్యాంగుకు నేను ఫోర్‌మన్‌ని. గ్యాంగులో ఇద్దరు ఇథియోపియా వాళ్లుండేవారు. వాళ్ల పేర్లు మా నోటికి తిరగక ఒకరిని పొడుగాయన అనీ, ఇంకొకరిని గడ్డపాయన అనీ పిలిచేవాళ్లం. ఇద్దరిదీ జోడీ పని. బెల్టు కింద ఒకడు దూరితే స్విచ్ దగ్గర ఇంకొకడు నిలబడాలి. స్పానర్‌తో రెండు దెబ్బలు కొడితే ఆపు, ఒక దెబ్బ కొడితే నడుపు. అంతే, వాళ్లకు మాట కూడా అక్కర్లేదు. తిండి కూడా ఒకే పళ్లెంలో. వాళ్లలో ఒక పద్ధతి ఉంది, గుర్షా అంటారు: ముద్ద చేసి పక్కవాడి నోట్లో పెట్టడం. ముప్పై దాటిన మగాళ్లు ఒకరికొకరు గోరుముద్దలు తినిపించుకుంటుంటే మేము చూసి తెగ నవ్వేవాళ్లం.

తర్వాత వాళ్ల దేశంలో యుద్ధం వచ్చింది. పొడుగాయన టిగ్రాయ్ వాడనీ, గడ్డపాయన అమ్హారా వాడనీ నాకు అప్పుడే తెలిసింది. ఇక్కడ ఉండడానికిచ్చే ఇకామా కార్డు మీద ఇద్దరికీ ఒకే దేశం రాసి ఉంటుంది మరి. వాళ్ల ఊళ్ల మధ్య నువ్వులు పండే నేల ఉందట. అది మాదంటే మాదని రెండు జాతులకూ ఎన్నాళ్లనుంచో తగువు. యుద్ధంలో అది అమ్హారా వాళ్ల చేతిలోకి పోయింది. పొడుగాయన ఇల్లు, వాళ్లమ్మ ఆ నేల మీదే ఉన్నారు. ఫోన్లు తెగిపోయాయి. అమ్మ బతికుందో లేదో తెలియకుండా రెండేళ్లు ఆ మనిషి బెల్టుల కింద దూరి పనిచేశాడు. గడ్డపాయన ఒక్కసారి కూడా పలకరించలేదు. పైగా రూము మార్చమని నా దగ్గరికి వచ్చాడు. నాకు ఒళ్లు మండింది, కానీ మార్చాను. జోడీ కూడా విడగొట్టాను.

చివరికి వాళ్ల పెద్దలు ఎక్కడో పరాయి దేశంలో కూర్చుని సంధి చేసుకున్నారు. మా ఇంజనీరు టీవీలో చూసి వచ్చి, "ఖలాస్, మీవాళ్ల గొడవ తీరిందట. మళ్లీ ఇద్దర్నీ జోడీ వెయ్యి" అన్నాడు. వేశాను. పని చేశారు కూడా. కాకపోతే లోపలికి దూరే ముందు పొడుగాయన స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకునేవాడు. రూలు ప్రకారం అదే సరైన పద్ధతి. అలా చెయ్యమని నేనే ఏళ్ల తరబడి మొత్తుకున్నాను. తీరా చేస్తుంటే నాకు చూడబుద్ధి కాలేదు.

ఫోన్లు మళ్లీ కలిశాక వాళ్లమ్మ బతికే ఉందని తెలిసింది. ఊరి నుంచి తరిమేస్తే దూరంగా ఒక బడిలో తలదాచుకుంది. ఒక్కో తరగతి గదిలో ఏడెనిమిది కుటుంబాలు. సంధి ప్రకారం ఎవరిళ్లకు వాళ్లు తిరిగి వెళ్లాలి. ఆమె మూట కట్టుకుని కూర్చుంది. ఏడాది గడిచింది, ఇంకో ఏడాది గడిచింది. ఆ నేల ఎవరిదో ఓట్లు పెట్టి తేలుస్తామంటారు గానీ ఎప్పుడో చెప్పరు. సంధి మీద సంతకం పెట్టిన టిగ్రాయ్ నాయకులే తమలో తాము రెండు ముక్కలయ్యారు. ఇటు అమ్హారాలో కొందరు ప్రభుత్వం మీదే తుపాకులెత్తారు. ఇవన్నీ నాకు పొడుగాయనే టీ తాగేటప్పుడు వచ్చీరాని అరబ్బీలో చెప్పేవాడు. అలా మొదలైంది నా వార్తల పిచ్చి.

ఒకరోజు అతను కాగితం పట్టుకొచ్చాడు. ఫైనల్ ఎగ్జిట్. ఉద్యోగం వదిలేసి పూర్తిగా వెళ్లిపోవడం. పనిముట్లు అప్పగించాడని ముందు ఫోర్‌మన్ సంతకం పెట్టాలి.

"ఎవరూ తీసుకెళ్లేలా లేరు. నేనే వెళ్లి అమ్మను ఇంటికి తీసుకెళతాను" అన్నాడు.

దారిలో మళ్లీ కాల్పులు మొదలైతే ఏం చేస్తావని అడిగాను. అమ్మకు డెబ్బై ఏళ్లు దాటాయన్నాడు. నేను వెంటనే సంతకం పెట్టలేదు. ఆ కాగితం సొరుగులో పెట్టి వారం రోజులు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఆ వారంలోనే నాకు పెద్దమనిషి వేషం వెయ్యాలని బుద్ధి పుట్టింది. అటు వెళ్లేవాడికి ఆ ప్రాంతపు అమ్హారా వాడైన గడ్డపాయన అండ ఉంటే మంచిదే కదా, ఇద్దర్నీ కలుపుదాం అనుకున్నాను.

నా ధైర్యానికి ఒక కారణం ఉంది. నా రూమ్మేటు కడప నుంచి వచ్చిన ట్రక్కు డ్రైవరు, భాయ్ అని పిలుస్తాను. తెలంగాణ గొడవ జోరుగా ఉన్న రోజుల్లో మా రూములోనూ పొయ్యిలు రెండయ్యాయి. ఎనిమిది నెలలు మేమిద్దరం మాట్లాడుకోలేదు. రాష్ట్రం విడిపోయిన కొద్దిరోజులకు నా గ్యాస్ అయిపోతే, అడగకుండానే నా బియ్యం కూడా తన పొయ్యి మీద పెట్టాడు. అంతటితో సరి. ఆ లెక్కన లోకంలో ఏ తగువైనా ఒక పూట భోజనంతో తీరుతుందని నా నమ్మకం.

"వాళ్ల జోలి మనకేల అన్నా? ఆడ మనుషులు సచ్చినారు. మన మాదిరి నోటి గొడవ గాదు అది" అన్నాడు భాయ్.

"నువ్వు మంచిగ కోడికూర వండు భాయ్. కూసోబెడితే వాళ్లే మాట్లాడుకుంటరు."

"సరే, నువ్వు పెద్దమనిషివైతివి. నేను వంటోన్ని."

శుక్రవారం భాయ్ నమాజుకు వెళ్లి వచ్చాక ఇద్దర్నీ మా రూముకు పిలిచాను. ఒకరు వస్తున్నట్టు ఇంకొకరికి చెప్పలేదు. ఎదురుబొదురుగా గోడలకు ఆనుకుని కూర్చున్నారు. మధ్యలో పెద్ద పళ్లెంలో అన్నం, దాని మీద రెండు కోళ్ల కూర. ఇద్దరూ పళ్లెం వంక చూశారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి, ఒకే మాట అన్నారు: "ఈరోజు ఉపవాసం."

వాళ్ల క్రైస్తవంలో బుధ, శుక్రవారాలు మాంసం ముట్టరట. పాలు, నెయ్యి కూడా పనికిరావట. మధ్యాహ్నం మూడు దాటేదాకా ఏమీ తినరట. గల్ఫ్‌లో మనవాళ్లకు శుక్రవారమంటే సెలవు, సెలవంటే కోడి. ఇన్నేళ్లలో వాళ్లు ఆ రోజు ఏం తింటారో అడగాలని నాకెప్పుడూ తోచలేదు. నేను వెంకన్న మొక్కుతో శనివారం నీసు ముట్టను. వాళ్లు మాత్రం నా శనివారాన్ని గుర్తుపెట్టుకుని, ఆ రోజు నా పక్కన మాంసం డబ్బా తెరిచేవాళ్లు కాదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"భలే పెద్దమనిషివన్నా. ఉపాసమున్నోల్లను పిల్చి కోడి పెడితివి" అన్నాడు భాయ్.

ఆ మాట వాళ్లకు అర్థం కాలేదు గానీ నా మొహం చూసి ఇద్దరూ నవ్వారు. నాలుగైదేళ్లలో వాళ్లు కలిసి నవ్వడం అదే మొదలు. భాయ్ కోడి తీసేసి టమాటా పప్పు పొయ్యి మీద పెట్టాడు. అలవాటుకొద్దీ నెయ్యి డబ్బా అందుకుంటే గడ్డపాయన లేచి వంటింట్లోకి పరుగెత్తి ఆపాడు. వెనకే నేనూ వెళ్లాను.

అక్కడ, నూనె కాగుతుండగా, అతను ఫోనులో ఒక ఫొటో చూపించాడు. రేకుల ఇల్లు. వంటింటికి రెండు తలుపులు. ముందు నిలబడింది వాళ్లన్నట. యుద్ధం మొదట్లోనే, ఆ నేల చేతికి రాగానే, అక్కడికి వెళ్లినవాళ్లకు ఇళ్లు, పొలాలు పంచారట. వాళ్లన్నకు ఈ ఇల్లు వచ్చింది.

"అతను తన ఇంటి గురించి ఎప్పుడూ చెప్పేవాడు. రెండు తలుపుల వంటిల్లు. ఇదేనేమోనని నాకు భయం. అన్నను అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది."

ఇన్నాళ్లూ పగ అనుకున్నాను. అది పగ కాదు, సిగ్గు. అయినా నాకు కోపం ఆగలేదు. వాడు ఉద్యోగం వదులుకుని ఆ ఇంటికే వెళ్లబోతున్నాడు, నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావా అని మీద పడ్డాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ నోరు మూసుకోవాలనే అనిపించింది. తెలిస్తే అతను వెళ్లడు, వెళ్లకపోతే బతుకుతాడు, కానీ తల్లి ఆ బడిలోనే చచ్చిపోతుంది. తెలియకుండా వెళితే ఆ గుమ్మంలో ఏం జరుగుతుందో.

మూడు దాటాక పప్పన్నం చుట్టూ కూర్చున్నాం. గడ్డపాయన ముద్ద చేశాడు. చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. పొడుగాయన ఆ ముద్ద వంక చూసి, నోరు తెరిచి, తిన్నాడు. అప్పుడు గడ్డపాయన ఫోను తీసి ఆ ఫొటో అతని ముందు పెట్టాడు.

పొడుగాయన దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూశాడు. తలుపులు చూశాడు, రేకులు చూశాడు. ఫోను తిరిగిచ్చి, "నాకు తెలుసు. పక్కింటివాళ్లు అమ్మకు చెప్పారు, అమ్హారా వాళ్లెవరో ఉంటున్నారని. నీ అన్న అని తెలియదు" అన్నాడు. వెంటనే, "ఫోన్ చెయ్యి. ఇల్లు ఎలా ఉందో అడుగు" అన్నాడు.

గడ్డపాయన నా వంక చూశాడు. నా పెద్దరికం కోడికూర దగ్గరే అయిపోయింది.

స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. వాళ్ల భాష నాకు రాదు. ఏమేం మాట్లాడుకున్నారో తర్వాత గడ్డపాయన వరసగా చెప్పాడు. అన్న సంతోషంగా మాట్లాడాడు. ఇల్లు బాగుందన్నాడు. రొట్టెలు కాల్చే మట్టిపొయ్యి చాలా బాగుందనీ, వదినకు అంత మంచి పొయ్యి ఎప్పుడూ దొరకలేదనీ అన్నాడు. ఒక్కటే బాధ, వాన పడితే పొయ్యి తడిసిపోతోంది, నీళ్లు ఎక్కడినుంచి కారుతున్నాయో పైకెక్కి ఎంత వెతికినా దొరకడం లేదన్నాడు.

పొడుగాయన తల వంచుకుని విన్నాడు. కళ్ల నిండా నీళ్లు. అయినా బెల్టు చెడిపోయిందని కబురొస్తే ఎలా మాట్లాడతాడో అలాగే నెమ్మదిగా అన్నాడు: "పొయ్యి పైన కాదు. నీళ్లు తలుపు వైపు రెండో రేకు నుంచి దిగి, దూలం వెంబడి అక్కడిదాకా వస్తాయి. ఆ రేకు మేకు ఊడింది. మేకు మార్చి తారు పూయమను. ఈ వానలకు ముందే చెయ్యమను. మా అమ్మ వచ్చేసరికి కారకూడదు."

గడ్డపాయన ఆ మాటలు అన్నకు అలాగే చెప్పాడు, చివరిది తప్ప. ఇదంతా నీకెవరు చెప్పారని అన్న అడిగాడు.

గడ్డపాయన ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ, "ఇంటివాళ్లు" అన్నాడు.