వదులు చేసిన ప్యాంటు

అన్న పొట్ట తగ్గితేనే తమ్ముడు బతుకుతాడు. పెద్దాసుపత్రి డాక్టరు నాన్చకుండా ఆ ముక్కే చెప్పాడు. తమ్ముడికి కిడ్నీలు రెండూ పోయాయి. సరిపోయే కిడ్నీ అన్నగారిది ఒక్కటే. అయితే ఈ బరువుతో, ఈ బీపీతో ఆయన్ని కోస్తే ఆయన ప్రాణానికే ముప్పు. "ముందు ఒళ్లు తగ్గించుకుని రండి, ఆపరేషన్ సంగతి తర్వాత" అన్నాడు.

ఆ అన్నగారు సిటీ బస్సు డ్రైవరు. పొద్దస్తమానం సీటుకి అతుక్కుని కూర్చునే ఉద్యోగం. హారన్ ఆయన కొట్టక్కర్లేదు, పొట్టే కొట్టేస్తుందని డిపోలో అందరూ ఆటపట్టిస్తారు. ఆయనా వాళ్లతోపాటు నవ్వేవాడు. డాక్టరు మాట విన్న రోజు మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి, పెళ్లాం ముందు చెయ్యెత్తి, "ఇక చూడు, నోరు కట్టేసుకుంటాను. వాడికి ఇవ్వకపోతే నేను అన్ననే కాదు" అన్నాడు.

పెళ్లాం నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఆవిడ ఈ ఇంటికి వచ్చేనాటికి మరిది నిక్కర్లేసుకుని బడికి వెళ్లే పిల్లాడు. తలదువ్వి, పుస్తకాల సంచీ సర్ది పెంచింది. వాడు పెద్దవాడై గడియారాలు బాగుచేసే పని నేర్చాడు. జబ్బు చేశాక వేళ్లు వణికి ఆ పనీ పోయింది. డయాలసిస్ లేని రోజుల్లో ముందుగదిలో వదిన కుట్టుమిషను పక్కన కూర్చునేవాడు. ఆవిడది పాతబట్టలు సరిచేసే పని. పొడుగువి పొట్టి చేయడం, బిగుతువి వదులు చేయడం, వదులువి బిగించడం. పాత కుట్లు విప్పి దారాలు ఏరిపెట్టడం మరిది వంతు.

అన్నగారి పట్టుదల మూన్నాళ్ల ముచ్చటేమీ కాలేదు, అంత మాట అనకూడదు. నెలకు పైనే గట్టిగా నిలబడ్డాడు. పొద్దున్నే లేచి కాలవగట్టు వెంట నడిచేవాడు. టీలో పంచదార మానేశాడు. కానీ బరువు చూసే మిషన్ ఎక్కినప్పుడల్లా ఆ ముల్లు అక్కడక్కడే ఊగేది. ఓ ఉదయం దాన్ని కాలితో మంచం కిందికి తన్నేసి, "నా వల్ల కాదే, ఇది రాతి శరీరం" అంటూ మళ్లీ ముసుగుతన్నాడు.

ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఈ మనిషి ఇప్పుడు పడుకుంటే పిల్లాడు శాశ్వతంగా పడుకుంటాడు. ఏం చేయాలో తోచక మిషను ముందు కూర్చుంది. ఎదురుగా ఉతికి మడతపెట్టిన ఆయన యూనిఫాం ప్యాంటు ఉంది. ఆవిడకు కుట్టుపని తప్ప ఏం వచ్చు? వెనక కుట్టు విప్పింది. లోపల మడిచి వదిలిన గుడ్డలోంచి కాస్త బయటికి తీసి మళ్లీ కుట్టింది. పాత కుట్టు గీత కనబడకుండా ఇస్త్రీ చేసింది.

మర్నాడు ఆ ప్యాంటు తొడుక్కున్న మనిషి కేక పెట్టాడు. "ఏమే, ఇలా రా! చూడు, వేలు దూరుతోంది!"

"అవునండోయ్! నడకంటే మాటలా మరి" అంది.

ఆయన మళ్లీ నడక మొదలెట్టాడు. అమ్మయ్య అనుకుందావిడ. తర్వాత ఇంకాస్త వదులు చేసింది. రెండో ప్యాంటూ అలాగే చేసింది. ఆయన ఛాతీ విరుచుకుని తిరుగుతుంటే ముచ్చటపడింది కూడా, పిచ్చిది!

అక్కడే దెబ్బతింది. ఉతకడానికి తీసిన ప్యాంటు జేబుల్లో బిస్కట్ల పొడి కనబడసాగింది. ఒకరోజు నూనెకాగితం దొరికింది.

"ఇదేంటండీ?"

"ఇంత తగ్గానుగా, ఒకటి తింటే కొంప మునుగుతుందా?"

తగ్గలేదు మహానుభావా అని ఎలా చెప్పేది? చెబితే నడకా మానేస్తాడు. చెప్పకపోతే తిండి మానడు. తను కుట్టిన కుట్టులో తనే ఇరుక్కుంది. ఆ కాగితం ఉండచుట్టి అవతల పారేసింది.

ఆపరేషన్‌కి ఓ తేదీ అనుకుని, దానికి ముందు బరువు చూస్తామని ఆసుపత్రివాళ్లు చెప్పిన రోజు రానే వచ్చింది. డ్రైవరు ధీమాగా మిషన్ ఎక్కాడు. మొదటిసారి కన్నా బరువు పెరిగింది. "అదెలా డాక్టరుగారూ, ప్యాంటు జారిపోతుంటేనూ!" అంటూ నడుం దగ్గర గుడ్డ పట్టుకు లాగి చూపించాడు. అక్కడున్న నర్సు నవ్వాపుకోలేక తల తిప్పుకుంది. డాక్టరు మాత్రం నవ్వలేదు. ఆపరేషన్ తేదీ కొట్టేశాడు.

మరో తేదీ ఇచ్చే అవసరం రాలేదు. డయాలసిస్ గొట్టం దగ్గర చీము పట్టి, రక్తమంతా విషమైంది. వర్షాలు తగ్గకముందే మరిది పోయాడు.

వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక, ఓ మధ్యాహ్నం ముందుగదిలో మొగుడూ పెళ్లాలు ఇద్దరే మిగిలారు. ఆయన గోడకు చేరబడి ఉన్నాడు. ఇంక మోయలేక ఆవిడ బయటపడిపోయింది. "మీరు తగ్గలేదండీ. ప్యాంటు నేను వదులు చేశాను. మీరు నడక మానేస్తారని చేశాను. వాణ్ణి నేనే పొట్టన పెట్టుకున్నాను."

ఆయన తిడతాడనుకుంది. కొట్టినా పడదామనుకుంది. ఆయన తల కూడా ఎత్తలేదు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"రెండోసారికే తెలిసింది. దారం రంగు కొత్తగా ఉంది. తెలిసీ ఊరుకున్నా. తగ్గితే కోస్తారుగా. ఆ బల్ల మీద పడుకోవాలంటే నాకు చచ్చేంత భయమే. నువ్వు వదులు చేసినన్నాళ్లూ తగ్గుతున్నానని అందరికీ చెప్పుకోవచ్చు, తగ్గకుండా ఉండొచ్చు." మళ్లీ తనే, "వాడికి మాత్రం తెలీదు. నా కోసం అన్నయ్య కష్టపడుతున్నాడనుకుంటూనే పోయాడు. ఆ ఒక్కటీ నయం" అన్నాడు.

ఆవిడ అక్కడితో ఊరుకోవాల్సిందేమో. కానీ లోపల ఏదో భగ్గుమంది.

"మొదటిసారి తర్వాత మీ ప్యాంటు కుట్లు విప్పింది ఎవరనుకున్నారు? నేను కుట్టేదాన్ని, విప్పేది వాడే. జేబులో బిస్కట్ల పొడి దులిపిందీ వాడే. అన్నయ్యతో చెప్పేస్తానురా అంటే నా చెయ్యి పట్టుకున్నాడు. 'వద్దు వదినా, అన్నయ్యకి చిన్నప్పట్నుంచీ సూదంటేనే భయం. చెబితే మొహం చూపించలేక ఇంట్లోంచి పోతాడు. ఉన్నన్నాళ్లూ ఉండనీ నా దగ్గర' అన్నాడు."

డ్రైవరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆవిడ దగ్గరికి వెళ్లలేదు.