దీక్షకు కూర్చున్న చేప

రెండు మగ ఫైటర్ చేపల్ని ఒకే తొట్టిలో వేసిన తెలివైనవాణ్ణి నేను. అమ్మినతను చెప్పకపోలేదు. "కొట్లాడుకుంటయి సార్, దేని తొట్టి దానికుండాలె" అన్నాడు. ఇంకో తొట్టి అంటగట్టే ఎత్తు అనుకున్నాను. పైగా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మా ర్యాంకర్ల బ్యాచ్‌లో అందరికీ ర్యాంకులొస్తున్నాయా, ఫైటరని పేరున్నంత మాత్రాన ఫైటింగ్ చేస్తాయా అని నా లాజిక్కు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. నెలలో సగం బందులే. క్లాసుల్లేక, ఇంట్లో తోచక కొన్న చేపలవి. ఒకటి ఎర్రది, ఒకటి నీలం. పొద్దున నీళ్లలో వదిలి, మధ్యాహ్నం అన్నం తినొచ్చి చూద్దును కదా, నీలందాని తోక పేలికలై వేలాడుతోంది. పాపం, ఓ మూల అడుగున ఒరిగిపోయి ఉంది. ఎర్రది మొప్పలు విప్పుకుని పహరా తిరుగుతోంది.

నా కేకకి కింది వాటాలోంచి ఇంటాయన పైకొచ్చాడు. నల్గొండ వైపు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. ఎల్బీనగర్ చౌరస్తా టెంటులో రిలే నిరాహార దీక్షలకి వంతు తప్పకుండా కూర్చునేవాడు. నేనేమో కోస్తా నుంచి వచ్చి ఆయన పైవాటాలో అద్దెకున్నవాణ్ణి. మా ఇద్దరికీ రాజకీయాల్లో పడదు, పచ్చళ్లలో పడుతుంది.

తొట్టిలోకి చూసి ఆయన పడీపడీ నవ్వాడు. "నేను జెప్తనే ఉన్న గద సారూ! కలిసుండాలె, కలిసుండాలె అంటే గిట్లనే అయితది. ఎవ్వల నీళ్లు వాళ్లకియ్యాలె!"

అక్కడికక్కడే ఎర్రదాన్ని ఓ గాజు సీసాలోకి తీసుకుని, "వీణ్ణి నేను సాదుకుంట" అని కిందికి పట్టుకుపోయాడు. ఆనాటి నుంచి మెట్ల మీద ఎదురుపడితే చాలు, "మా రాష్ట్రం మంచిగున్నది సారూ, మీది ఎట్లున్నది?" అనేవాడు. ఏం చెప్పను? నా చేపకి తోకే లేదు.

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివితే తెలిసింది, దానికి మందుల కన్నా మంచినీళ్లు ముఖ్యమని. కుళాయి నీళ్లని బకెట్లో ఓ రోజు ఉంచి, బ్లీచింగ్ వాసన పోయాక, తొట్టిలో కొంచెం తీసి కొంచెం పోసేవాణ్ణి. కరెంటు పోయి చలిగా ఉంటే తొట్టికి నా శాలువా కప్పేవాణ్ణి. ఎండిన బాదం ఆకు వేస్తే గాయాలు మానతాయని కూడా చదివాను. బాదం చెట్టు ఇంటాయన వాకిట్లో ఉంది.

"మా చెట్టు ఆకు మీ చేపకా?" అన్నాడాయన. అంటూనే కింద రాలిన వాటిలో మచ్చలేని ఆకులు ఏరి, కడిగి, తనే పైకి తెచ్చాడు. నీళ్లు టీ డికాషన్ రంగుకి తిరిగాయి. రోజూ మెట్ల కింద నుంచి అరుపు: "తిన్నదా సారూ?"

ఒక పొద్దున చూస్తే నీలందాని తోక అంచున, ఉల్లిపొరంత పల్చగా కొత్త రెక్క. నీటి మీద చిన్న చిన్న నురగ బుడగలు. గూడు కట్టుకుంటోందన్నమాట, బతుకు మీద ఆశ పుట్టినట్టే.

ఆ వారంలోనే ఇంటాయన మళ్లీ పైకొచ్చాడు. ఈసారి నవ్వు లేదు. "సారూ, జర వచ్చి చూడరాదు. వాడు కిందికి పోతలేడు."

వెళ్లి చూశాను. ఎర్రది గులాబ్‌జామ్‌లా ఉబ్బి, పక్కకి తిరిగి పైనే తేలుతోంది. ఆయన వస్తూ ఓ చిటికెడు, పోతూ ఓ చిటికెడు మేత వేస్తున్నాడట. మధ్యలో జొన్నరొట్టె ముక్కలు అదనం. "నా దిక్కే చూస్తడు సారూ, పెట్టకుంటే ఎట్ల?"

"పొట్ట తగ్గేదాకా పస్తుంచాలండీ. ఇంక ఒక్క పలుకు కూడా వెయ్యొద్దు."

"సచ్చిపోతడు సారూ!"

"టెంటులో మీరు కూర్చోవట్లేదా?"

"నాది రిలే సారూ! నేను లేస్తే ఇంకొకడు కూసుంటడు. వీడు ఒక్కడే గద!"

నవ్వొచ్చిందిగానీ ఆయన కళ్లు చూసి మింగేశాను. అది ఆయన వైపే చూస్తుంటే తట్టుకోలేక, కుర్చీని సీసాకి వీపు పెట్టి వేసుకున్నాడు. నేను పొద్దునా సాయంత్రం దిగి నీళ్లు మార్చేవాణ్ణి. చివరికో మధ్యాహ్నం కింద నుంచి కేక: "సారూ, మునిగిండు! వాడు మునిగిండు!"

నేను ఆగలేదు. అట్ట మీద స్కెచ్ పెన్నుతో 'నిరాహార దీక్షా శిబిరం' అని రాసి, ఓ బంతిపువ్వు, గ్లాసు నిమ్మరసం పట్టుకుని దిగాను. అట్టని సీసాకి ఆనించి, పువ్వు దాని ముందు పెట్టి, గ్లాసు ఆయన ముందుకి చాపాను.

"దీక్ష విరమింపజేయడానికొచ్చానండీ. చేప తాగదు కాబట్టి దాని తరఫున మీరే పుచ్చుకోవాలి."

వంటింట్లోంచి ఆయన భార్య అంది, "తాపియ్యి బిడ్డా. వాడు పస్తున్నప్పటి సంది ఈయన సుత సక్కగ తింటలేడు."

ఆయన గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఆంధ్రోని చేతుల దీక్ష ఇరమించిన అని మా టెంటుల చెప్పకు సారూ."

చెప్పనని మాటిచ్చాను. నిజంగానే ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, రాశానంతే.