అత్త పెదవుల మీది మాట

మా అత్త పోయింది. మంగళవారం ఉదయం నేను బడికి బయలుదేరుతుండగా, మిల్లులో పనిచేసే ఒకాయన నెల్లిమర్ల నుంచి తొలి బండికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నిన్న పొద్దుగూకే యేల పోనాదమ్మా. మీ మావ కబురు సెప్పి రమ్మన్నాడు. కంగారుపడి రావద్దన్నాడు" అని చెప్పి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. సెలవు చీటీ రాసి పక్కవీధి టీచరుకిచ్చి మధ్యాహ్నం బండి ఎక్కాను. నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. మావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "తిన్నావా?" అని అడిగాడు.

అత్త మా నాన్నకి చెల్లెలు. బొబ్బిలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టి, నెల్లిమర్ల జనపనార మిల్లులో మగ్గం నడిపే మావని చేసుకుంది. వాళ్ళకి పిల్లలు కలగలేదు. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. పెళ్ళయ్యాక కూడా ఆమె నాట్లకీ కోతలకీ పోయేది. మా వైపు ఆడవాళ్ళు చాలామందిలాగే అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోటిలోపల పెట్టుకుని కాల్చడం. వానలో నాట్లు వేస్తున్నా చుట్ట ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చిన్నప్పుడు నేను భయంగా చూస్తుంటే, "నోరు కాల్దు గుంటా, అలవాటైపోనాది" అనేది.

ఆమెది పెద్ద గొంతు. మావది చిన్నది. మగ్గాల షెడ్డులో ఇరవై ఏళ్ళు పనిచేసినవాళ్ళకి చెవులు మందగిస్తాయి. ఆ రొదలో గొంతు చించుకున్నా పక్కవాడికి వినబడదు. అందుకని అక్కడి మనుషులు గొంతు వాడరు. పెదవులు కదుపుతారు, అవతలివాడు చూసి అర్థం చేసుకుంటాడు. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి అలాగే హాస్యాలాడుకుంటారని మావ చెప్పేవాడు. ఇంటికొచ్చినా ఆయనకి అదే అలవాటు. అత్త వంటింట్లోంచి కేకలేస్తే లేచి వెళ్ళి, "అరవకు. మొకం ఇటు తిప్పి సెప్పు" అనేవాడు. "సెవిటోడికిచ్చి సేసినారు నన్ను" అని ఆమె ముఖం తిప్పి చెప్పేది.

అలా రోజూ ఆమె నోటిని చూసే మనిషి కాబట్టే, జబ్బు సంగతి ముందు ఆయనే పట్టుకున్నాడు. అంగిట్లో పుండు లేచిన మాట అత్త నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆమె మాట ఒక పక్కకి జరుగుతోందని మావ గమనించాడు. ఒకరోజు దీపం దగ్గర కూర్చోబెట్టి నోరు తెరిపించి చూశాడట. మర్నాడు మిల్లుకి సెలవు పెట్టి, ఆమెని తీసుకుని విశాఖపట్నం వచ్చేశాడు. పెద్దాసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో నాకు రెండు గదుల వాటా ఉండేది. అరవై ఏడో సంవత్సరం వేసవి అంతా వాళ్ళు నాతోనే ఉన్నారు.

రాచపుండు అన్నారు. అంగిలి కొంత కోసి తీసేశారు. ఆపరేషను బాగానే జరిగిందన్నారు కానీ ఆ తరవాత అత్త మాట మాటగా లేదు. నోటికీ ముక్కుకీ మధ్య అడ్డు పోయింది కదా, అక్షరాలన్నీ ముక్కులోంచి గాలిలా వచ్చేవి. వార్డులో మొదటిసారి ఆమె నన్నేదో అడిగింది. నాకు తెలియలేదు. మళ్ళీ అడిగింది. నర్సుకీ తెలియలేదు. అత్త కళ్ళలో కోపం చూసి నేను తల దించుకున్నాను. మంచం అవతలినుంచి మావ మామూలుగా అన్నాడు: "కిటికీ మూయమంతంది. ఎండ మొకమ్మీద పడతన్నాదంట."

మేమందరం ఆమె గొంతు వింటూ తికమకపడ్డాం. ఆయన ఎప్పుడూ గొంతు విన్నవాడు కాదు. పెదవులు అలాగే ఉన్నాయి, ఆయనకి అంతే కావాలి.

ఆనాటి నుంచి అత్త లోకంతో మాట్లాడిందంతా మావ నోటితోనే. ఆయన ఆ పని చేసే తీరు చూడాలి. ఏదీ దాచేవాడు కాదు, ఏదీ మెత్తబరిచేవాడు కాదు. మా ఇంటి యజమానురాలు పలకరించడానికి వచ్చి, "ఎలా ఉందమ్మా, బాగున్నావా?" అంది. అత్త పెదవులు కదిపింది. మావ, "'బాగుంటే ఇక్కడికెందుకొస్తాను' అంతందండి" అన్నాడు. ఆవిడ ఇబ్బందిగా నవ్వి, "మీ ఆయన బాగా చూసుకుంటున్నాడుగా" అంది. అత్త ఈసారి చాలాసేపు చెప్పింది. మావ చివరిదాకా చూసి, ముఖం మార్చకుండా అప్పజెప్పాడు: "'ఈడికి గంజి కాయడం రాదు, ఉప్పు ఎయ్యడం రాదు, పీట మీద సెంబు సరిగ్గా ఎట్టడం రాదు. నాను లేకపోతే ఈడేటైపోతాడో' అంతంది."

ఆపరేషను గాయం మానాక ఆరు వారాలు కరెంటు పెట్టాలన్నారు, అంటే పుండు మళ్ళీ లేవకుండా కిరణాలతో కాల్చడం. ఆదివారం తప్ప రోజూ ఉదయం ఆసుపత్రికి నడిచి వెళ్ళేవారు. దారిలో ఆమె మాట చూడాలంటే మావ పక్కన నడిస్తే కుదరదు. అందుకని ఒక అడుగు ముందు నడుస్తూ మెడ వెనక్కి తిప్పి ఉంచేవాడు. రెండుసార్లు రిక్షాకి తగిలాడు. అత్త దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండేది.

తిండి దగ్గర మాత్రం ఆమె ఎవరినీ చూడనిచ్చేది కాదు. తిన్నది ముక్కులోంచి వచ్చేసేది. మావ చోడంబలి, అంటే రాగి జావ, పల్చగా కాచి, పాత పొందూరు పంచె ముక్కలో రెండుసార్లు వడగట్టేవాడు. ఆమె గోడవైపు తిరిగి కూర్చుని తాగేది. ఆయన ఆమె వీపుకి వీపు ఆనించి గుమ్మంవైపు కూర్చునేవాడు. ఎవరైనా రాబోతే చెయ్యెత్తి ఆపేవాడు. ఒక్కోసారి గిన్నెడు అంబలికి గంట పట్టేది. వెనక ఆమె దగ్గితే ఆయన వీపు కదిలేది. తిరిగి మాత్రం చూసేవాడు కాదు.

మూడో వారం దాటేసరికి నోరంతా పొక్కిపోయింది. నీళ్ళు కూడా దిగడం లేదు. ఆ రోజు నేనూ వాళ్ళతో ఉన్నాను. డాక్టరు పెద్దాయన, మంచివాడు. నోరు చూసి, "ఇక్కడితో ఆపొచ్చు, పూర్తి చెయ్యనూ వచ్చు. పూర్తి చేస్తే మేలని నా ఉద్దేశం. బాధ పడేది ఆవిడ కనక ఆవిడనే అడుగు" అన్నాడు. అత్త మావవైపు తిరిగి నాలుగు మాటలు అంది. మావ ఆమె ముఖం చూస్తూ కాసేపు ఊరుకున్నాడు. తరవాత డాక్టరుతో, "కానిమ్మంతంది బాబూ" అన్నాడు.

అత్త ఆయన్ని చూసింది. అంతే. కరెంటు గదిలోకి నడిచి వెళ్ళిపోయింది.

ఆరోజు దారిలో ఆమె మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. మావ ఎదురుగా కూర్చుంటే పెదవులు బిగించి కూర్చునేది. ఆయన అంబలి తెస్తే తాగేది, ఆసుపత్రికి పద అంటే వచ్చేది. మాట లేదు. ఆయనతో మాట్లాడకపోవడమంటే ఎవరితోనూ మాట్లాడకపోవడమే. ఒంట్లో బాలేక అనుకున్నాను నేను. నాలుగు రోజులు అలా జరిగింది. నాలుగో సాయంత్రం మావ ఆమె ఎదుట నేల మీద కూర్చుని, నన్ను కూడా పిలిచాడు.

"అమ్మీ, నువ్వు ఇను. ఆ దినం మీ అత్త సెప్పింది అది కాదు. 'సాలు, నన్ను ఇంటికి తీసుకెల్లిపో' అన్నాది. నాను అబద్దమాడినాను."

"ఎందుకు మావా?" అన్నాను.

"ఎందుకేటి? బతుకుతాదని." ఆమెవైపు తిరిగి, "రేపు డాక్టరుబాబుకి సెప్పీస్తాను. అప్పుడు నీ ఇట్టం. తిట్టు, కొట్టు. ఇలాగ నోరు మూసుకోకు. నాకేటీ ఇనపడనట్టున్నాది" అన్నాడు.

అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆయన డాక్టరు ముందు చేతులు కట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. డాక్టరు కలం పక్కన పెట్టాడు. మావని ఏమీ అనలేదు. అత్తతో, "అమ్మా, ఇంక నీకూ నాకూ మధ్య ఎవరూ లేరు. ఆపెయ్యాలంటే చెయ్యెత్తు" అన్నాడు. అత్త చెయ్యెత్తలేదు. అయిదు రోజుల తరవాత మొదటిసారి మావవైపు తిరిగి మాట్లాడింది. మావ డాక్టరుకి అప్పజెప్పాడు.

"'మిగిలినవి ఎట్టించుకుంటాను. నా నోరు పోనాది, నా మాట పోలేదు. నా మాట నా మాటలాగే సెప్పమను ఈడిని' అంతంది బాబూ."

"అంతేనా అమ్మా?" అన్నాడు డాక్టరు. అత్త తల ఊపింది. మళ్ళీ ఏదో అంది. మావ, "'తిట్లు కూడా' అంతంది" అన్నాడు. డాక్టరు నవ్వాడు. అత్త నవ్వలేదు.

ఆరు వారాలూ పూర్తయ్యాయి. వాళ్ళు నెల్లిమర్ల వెళ్ళిపోయారు. తరవాత దాదాపు రెండేళ్ళు అత్త బాగానే ఉంది. పళ్ళ డాక్టరు అంగిలికి ఒక ప్లేటు చేసి ఇచ్చాడు. అది పెట్టుకుంటే తిండి నిలిచేది, మాట కొంత తెలిసేది. బయటివాళ్ళు వస్తే పెట్టుకునేది, మావతో ఉన్నప్పుడు తీసేసేది. చుట్ట మళ్ళీ ముట్టుకోలేదు. మానెయ్యడం కష్టమైందా అని ఒకసారి అడిగాను. "'నిన్ను బడి మానీమంటే ఎలాగుంటాది' అంతంది" అన్నాడు మావ.

ఈ ఏడాది మెడ మీద గడ్డ లేచింది. మళ్ళీ అదే ఆసుపత్రి, అదే డాక్టరు. మళ్ళీ కరెంటు పెట్టి చూడొచ్చు, గుణమిస్తుందని చెప్పలేనన్నాడు ఆయన. అత్త చెప్పింది. మావ ఈసారి ఆలస్యం చెయ్యలేదు. "వద్దంతంది బాబూ" అన్నాడు. డాక్టరు ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు. "అదే మాట బాబూ. నానేటీ కలపలేదు" అన్నాడు మావ. ఆ రోజు మెట్లు దిగేటప్పుడు నేను ఆయన చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. అత్త ముందు నడిచింది.

చివరి నెలల్లో ఏం మాట్లాడుకునేవారని ఆ మంగళవారం అరుగు మీద మావని అడిగాను. "ఎప్పుడూలాగే. కూరలో ఉప్పు, పక్కింటోల మేక" అన్నాడు. చివరి మాటేమిటని అడగలేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. అది వాళ్ళిద్దరిదీ.

ఆమె నాకు ప్రత్యేకంగా ఏదీ నేర్పలేదు. కానీ నా తరగతిలో ఒక పిల్లకి నత్తి. మునుపు ఆ పిల్ల తడబడితే మిగతా మాట నేనే పూర్తి చేసేదాన్ని. ఇప్పుడు ఆ పిల్ల ముఖం చూస్తూ, పూర్తయ్యేదాకా ఊరుకుంటాను. దీనికి నేను మా అత్తకి రుణపడి ఉన్నాను.

కిందటి వేసవిలో నెల్లిమర్ల వెళ్ళినప్పుడు సాయంత్రం ఏటికి వెళ్ళాం. చంపావతిలో నీళ్ళు సన్నగా ఒక పాయలో పారుతున్నాయి. మావ దోసకాయలు కొనడానికి అవతలి గట్టున పాదుల దగ్గరికి వెళ్ళాడు. అత్త ఇవతల ఇసకలో, కాళ్ళు చాపుకుని కూర్చుంది. అవతల గొర్రెలు నీళ్ళు తాగుతున్నాయి. ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. మావ ఒక కాయ ఎత్తి చూపించాడు. అత్త చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. ఆయన అది పడేసి ఇంకోటి ఎత్తాడు. ఆమె మళ్ళీ ఏదో అంది, ఈసారి చాలాసేపు. ఏటికి అవతల ఆయన ఒక్కడూ తల వెనక్కి వాల్చి నవ్వడం మొదలుపెట్టాడు. కాయలమ్మే మనిషి ఇటు చూసి, అటు చూసి, ఏమీ తెలియక తనూ నవ్వింది.