కాలు పెట్టిన వేళ

ఈ రోజు పొద్దున ఆదోని నుంచి బస్సులో ఎమ్మిగనూరు వెళ్ళాను. మాది బెజవాడ. నూలుకు వేసే రంగులు అమ్మే పని మీద ఊళ్ళు తిరుగుతుంటాను. నేతగాళ్ళ వీధిలో జట్కా దిగేసరికి ఒక ముసలాయన, ఆయన భార్య వీధి పొడవునా పడుగు సాగదీసి, గంజి పట్టించి కుంచెలతో దువ్వుతున్నారు. నా రంగుల నమూనాలు చూడమని ఆయన్ను పిలిచాను.

"మోడం పట్టిందప్పా. ఈ పడుగు ఆరినాక సూస్తాను, కూసో," అన్నాడు మబ్బుల కేసి చూపిస్తూ.

నాకేమో తిరుగు బస్సు తొందర. రెండు నిమిషాలే అన్నాను. పొరుగూరి మనిషిని కాదనలేక చేతులు కడుక్కుని అరుగు మీదికి వచ్చాడు. ఆ రెండు నిమిషాలను నేను పావుగంట చేశాను. అంతలో వాన దబదబా కురిసింది. ఆయన పరుగెత్తేసరికే గంజి కారిపోయి దారాలన్నీ ముద్దగా అంటుకుపోయాయి. ఆమె ఒక్కతే ఆ చివర పట్టుకుని తడుస్తూ నిలబడి ఉంది. నేను గొడుగు విప్పి నా నమూనాల పెట్టెకు పట్టుకున్నానని తర్వాత గానీ గమనించలేదు.

తప్పు నాదేనన్నాను. "వానకు నువ్వేం సేస్తావప్పా? తల తుడుసుకో," అని ముసలాయన తన తువ్వాలు ఇచ్చాడు.

తిరుగు బస్సు నిండా పత్తి రైతులే. నెల్లాళ్ళుగా చినుకు లేదట. పక్కన కూర్చున్న పెద్దాయన నా ఊరు అడిగి, నేను ఈ పొద్దునే వచ్చానని తెలుసుకుని, "నువ్వు కాలు పెట్టిన యాళ మంచిదప్పా. వాన తెచ్చినావు," అన్నాడు.

మీరైతే ఆయనకు ఏం జవాబు చెప్పేవారో. నేను మాత్రం అవునన్నట్టు తల ఊపాను.