ఎలుగుబంటికి ఆకేసిన మా వేట

మొన్న మధ్యాహ్నం మా అపార్టుమెంటు వెనక, కొండ కింద ముళ్లకంపల్లో, అటవీశాఖ వాళ్లు ఒక ఇనుప బోను తెచ్చి పెట్టి, పండిన పనసకాయను రెండుగా కోసి అందులో ఉంచి పోయినారు. ఎలుగుబంటి ఒకటి ప్రహరీగోడ దాకా వచ్చి పోతోందని మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. తిరుపతిలో కొండ కనిపించే ఇల్లు దొరికిందని మురిసిపోయి చేరినవాళ్లే, ఇప్పుడు ఆ కొండ నెత్తి మీదికి దిగి వస్తున్నట్టు గగ్గోలు పెడుతున్నారు. నేను బాల్కనీలో బీన్సు తుంచుతూ కూర్చుని, గాలికి ఆ పనస వాసన వచ్చేసరికి ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టినాను. మా కోడలు వంటింట్లోంచి తొంగి చూసి, అత్తమ్మకు ఏమయిందోనని హడలిపోయింది. ఏమీ కాలేదు తల్లీ, ఎరపెట్టి ఎలుగుబంటిని వేటాడడమంటే ఏమిటో ఈ కాలనీలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, అంతే. ఎందుకంటే మా ఇంటిల్లిపాదీ ఒకసారి అన్నాలు మూట కట్టుకుని ఆ పనికి పోయినాము.

అప్పటికి నాకు ఇంకా పెండ్లి కాలేదు. మాది పూతలపట్టుకు దగ్గరలో, కొండను ఆనుకుని ఉండే చిన్న పల్లె. కొండ కిందనే మా చెరుకు తోట, తోట పక్కనే గానుగ కొట్టం. నా ఈడు వాళ్లకు గానుగ అంటే వేరే చెప్పాల్సిన పని లేదు. ఎద్దులు చుట్టూ తిరుగుతూ ఉంటే చెరుకు నలిగి రసం కుండలోకి దిగడం, ఆ రసాన్ని నేలపొయ్యి మీది పెద్ద పెనంలో పోసి, ఎండిన పిప్పినే మంటకు తోస్తూ కాచడం, పైన తేలే తెట్టును తీసి పారబోయడం, పాకం ముదిరినాక దించి ముద్దలు పట్టడం, ఇదంతా మనకు కండ్ల ముందర జరిగిందే. ఆ వేడి బెల్లం వాసన ఊరి పొలిమేర దాకా వచ్చేది. అటుగా పోయేవాడు ఎవడైనా సరే, తెలిసినవాడైనా తెలియనివాడైనా, గానుగ కాడికి వస్తే చెంబెడు రసమో, ఆకులో ఇంత వేడి బెల్లమో పెట్టకుండా పంపకూడదు. అది ఊరందరి కట్టుబాటు. దాని మీద మా అవ్వది, అంటే మా నాయనను కన్నతల్లిది, ఇంకొక కట్టుబాటు ఉండేది. ఆకు ముందర కూర్చుని తినేవాణ్ణి తిట్టకూడదు, లేపకూడదు, చెయ్యి కడుక్కునేదాకా వాడి జోలికి పోకూడదు. ఒకసారి చెరుకు దొంగను చెట్టుకు కట్టేసి పెడితే, మా అవ్వ కట్లు విప్పించి, వాడికి సంగటీ పులుసూ వడ్డించి, వాడు కడుపునిండా తిని చెయ్యి కడుక్కుని వచ్చినాక అప్పుడు మొదలుపెట్టింది తిట్లు. ఆ తిట్లు వినడం కన్నా దెబ్బలు తినడమే మేలని వాడే అన్నాడంట.

ఆ ఏడాది శివరాత్రి దాటినాక మాకు వచ్చి పడింది ఎలుగుబంటి. పొయ్యి మండించే ఆయన ఒక తెల్లవారుజామున అందరికన్నా ముందు కొట్టంలోకి పోయి చూస్తే, పెనంలో తల దూర్చి అడుగంటిన పాకం నాకుతూ ఉండాదంట. అది ఒక దిక్కుకు, ఈయన ఒక దిక్కుకు పరుగో పరుగు. ఈయన వచ్చి మా ఇంటి అరుగు మీద పడిపోయి, నీళ్లు తాగి, కొండ మీద ఒట్టేసి చెప్పినాడు, ఆ గొడ్డు కథ తేలేదాకా గానుగ కాడికి రానని. ఆయన రానంటే మిగతా కూలీలూ రామన్నారు. పాపం, వాళ్లనేమి అనగలం, ఎలుగుబంటి గోరు తగిలిన ముఖాలు చూసినవాళ్లే కదా అందరూ.

అయితే మా నాయనకు ప్రాణం పోయినట్టయింది. అంతకుముందు ఏడాది వానల్లేక పంట లేదు, ఇంట్లో గింజలు అడుగంటినాయి. ఈ చెరుకు బెల్లమయితేనే మాకు ఏడాది కూడు. కోసిన చెరుకు కొట్టం ముందర కుప్పగా పడి ఉండాది, ఎండకు రసం ఇంకిపోతా ఉండాది, పులిసిపోతే ఇక దేనికీ పనికిరాదు. మా నాయన అన్నం కలుపుకుని కూడా తినకుండా కంచంలోకి చూస్తూ కూర్చునేవాడు. కాబట్టి ఎలుగుబంటిని కొట్టాలి, కూలీలు రావాలి, వేరే దారి లేదు.

అప్పుడు దిగినాడు నగరి నుంచి మా మేనమామ, మా అత్తను వెంటబెట్టుకుని. మా అమ్మకు తమ్ముడు, మగ్గాల మీద చీరలు నేయిస్తాడు, పులిని కూడా మాటలతోనే పడగొట్టగల మనిషి. ఎలుగ్గొడ్డును వెతుక్కుంటూ పోకూడదు, తీపి ఎర పెట్టి దాన్నే మన కాడికి రప్పించి మంచె మీది నుంచి కొట్టాలని, అరవ దేశంలో తనకు తెలిసిన వేటగాళ్లందరూ అట్లనే చేస్తారని చెప్పి, మా నాయనకు ధైర్యం నూరిపోసినాడు. ఆ రోజుల్లో ఇప్పటి చట్టాలు లేవు, పంటకాపుకని మా నాయనకు మందు దట్టించి కాల్చే పాత తుపాకి ఒకటి ఉండేది. దానితో ఆయన అప్పటిదాకా కాకుల్ని బెదిరించిందే ఎక్కువ.

వేటకు పోయేది ఇద్దరే అనుకున్నాము. కానీ మగవాళ్లు ఆకలితో కూర్చుంటే గురి తప్పుతుందని మా అమ్మ చిత్రాన్నం కలిపింది. అమ్మ వస్తే నేనూ వస్తానన్నాను, నగరిలో యాడ చూసేది ఇట్లాంటి వేడుక అని అత్త బయలుదేరింది, మీ అందరికీ బుద్ధి చెప్పేదానికి ఒక పెద్ద మనిషి ఉండొద్దా అని అవ్వ బండెక్కింది. ఎద్దుల బండి మీద చాపలు, దుప్పట్లు, మంచినీళ్ల కడవ, వక్కాకుల సంచి, మధ్యలో నిటారుగా తుపాకి. ఎదురొచ్చినవాళ్లు యాడికమ్మా జాతరకా అని అడిగినారు, అడగరా మరి.

ఎర సంగతి మా అవ్వకు అప్పగించడమే మా మామ చేసిన మొదటి తప్పు. బెల్లం, చెనక్కాయలు కలిపి ముద్ద చేసి పెట్టమన్నాడాయన. అవ్వకు చేయి ఊరుకుంటుందా! చెనక్కాయలు దోరగా వేయించి పొట్టు చెరిగింది, కొబ్బరి కోరింది, పాకం సరిగ్గా పట్టి రెండు యాలక్కాయలు నలిపి వేసింది. ఆ వాసనకు మామ ఒక ఉండ, అత్త ఒక ఉండ రుచి చూసి, నేను రెండు తిని, చివరికి ఎలుగుబంటికి ఎక్కడ చాలకుండా పోతుందోనని అవ్వ మా చేతుల మీద కొట్టాల్సి వచ్చింది. రెండో తప్పు మా అమ్మది. ఎరను మంచెకు ఎదురుగా పెట్టి రమ్మంటే, తినేదాన్ని వట్టి నేల మీద పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు. కాలవ గట్టున ఉన్న అరటిచెట్టు నుంచి ఆకు కోసి, నీళ్లు చల్లి తుడిచి, ఆ ఆకు మీద ఉండలు పొందికగా పేర్చి వచ్చింది. ఆ క్షణాన మాలో ఒక్కరికీ అందులో తప్పు కనిపించలేదు. ఆకు వేయకుండా ఎట్ల పెడతారు ఎవరికైనా?

పొద్దు గూకే వేళకు అందరం మంచె ఎక్కినాము. పిప్పి కుప్ప పక్కనే, ఒక మనిషి కూర్చుని పిట్టలు తోలుకునే మంచె అది. మా అందరి బరువుకు కిర్రుకిర్రుమంటూ ఉండాది. ఇంకా వెలుతురు పూర్తిగా పోకముందే, పొదలు కదిలి, మసిబట్ట మూట దొర్లుకుంటూ వచ్చినట్టు వచ్చింది ఎలుగుబంటి. అబ్బా, ఎంత పెద్దదనుకున్నారు! మా నాయన తుపాకి ఎత్తి గురి పెట్టినాడు. అది ఆకు కాడికి వచ్చి, అటూ ఇటూ చూసి, వెనక కాళ్లు ముందుకు చాపుకుని, బంతిలో కూర్చున్న పెద్దమనిషి మాదిరిగా ఆకు ముందర కూలబడింది. ఒక ఉండ తీసుకుని, కండ్లు మూసుకుని, జుర్రుమని చప్పుడు చేస్తూ తినడం మొదలుపెట్టింది.

మా నాయన తుపాకి దించేసినాడు.

"కొట్టు బావా, ఇంకేం సూస్తా ఉండావు?" అని మామ ఆయన చెవిలో గొణిగినాడు. మా నాయన ముఖం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది, ఏడవలేక నవ్వలేక ఉన్న ముఖం అది. "ఎట్ల కొట్టేదిరా? మనమే కదా ఆకేసి పెట్టింది!" అన్నాడు. తెల్లారితే కూలీలు రారని, కుప్ప పులిసిపోతుందని, ఏడాదంతా ఏమి తింటామని ఆయనకు తెలియదా? మా అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ మాత్రం కొడుకు వీపు మీద చెయ్యి వేసి, బాగా చెప్పినావన్నట్టు తల ఊపింది.

సరే, తినడం అయ్యేదాకా ఆగుదామని కూర్చున్నాము. అది ఉండలన్నీ తినేసి, ఆకును కూడా శుభ్రంగా నాకి, లేచి నిలబడింది. తినింది కదా ఇప్పుడన్నా కొట్టమని మామ పళ్లు కొరికినాడు. మా నాయన కూడా మళ్లీ తుపాకి ఎత్తినాడు. అది కాలవ వైపు తిరిగింది. అంతే, మా అవ్వ గుసగుస కూడా కాదు, మామూలు గొంతుతోనే అనేసింది.

"చెయ్యి కడుక్కోనీరా అబ్బోడా, అంత తొందరేమి?"

అత్తకు నవ్వు ఆగలేదు. ఆమెను చూసి నాకు, నన్ను చూసి అమ్మకు. మామకు ఒళ్లు మండిపోయి, తుపాకి ఇట్లా తే బావా అని దిగ్గున లేచి నిలబడినాడు. ఆయన లేవడం, మంచె ఒక పక్కకు ఒరగడం, ఫెళఫెళమని మేమందరం దుప్పట్లతో, చిత్రాన్నం గిన్నెతో సహా చెరుకు పిప్పి కుప్ప మీద పడడం, తుపాకి దానంతటది ఆకాశంలోకి పేలడం, అన్నీ ఒక్కసారే జరిగిపోయినాయి. ఎలుగుబంటి ఒక్క కేక వేసి కొండ దిక్కుకు లంఘించింది. మేము వేసిన కేకల ముందర దాని కేక ఏ మూలకు! మెత్తటి పిప్పి కాబట్టి అందరం బతికిపోయినాము, మామ చెయ్యి ఒక్కటే మా కింద నలిగి పుటుక్కుమంది. పొద్దున్నే ఆయన్ను పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించుకు వచ్చినారు. ఆ కట్టు కట్టిన పెద్దాయన ఎట్ల విరిగిందప్పా అని అడిగితే, ఎలుగుబంటితో కలబడినానని చెప్పినాడంట మా మామ, జంకూ గొంకూ లేకుండా.

ఇంతా చేస్తే కూలీలు లేనే లేరు, చెరుకు కుప్ప అట్లనే ఉండాది. మా అమ్మే చీర ఎగ్గట్టి పొయ్యి కాడ కూర్చుంది. మా నాయన గానుగలోకి చెరుకు పెట్టినాడు, నేను ఎద్దులు తోలినాను, జన్మలో బెల్లం కాచని మా అత్త తెట్టు తీసింది, మామ పుత్తూరు కట్టుతో ఒంటి చేత్తో పిప్పి తోస్తూ మా అందరి మీద పెత్తనం చేసినాడు. పొగకు మా ముఖాలన్నీ ఎలుగుబంటి ముఖాలయిపోయినాయి. వేట సంగతి ఊరంతా తెలిసిపోయి, మమ్మల్ని చూసి నవ్వుకుందామని ఒకరొకరే రావడం మొదలుపెట్టినారు. గానుగ కాడికి వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపకూడదు కదా, అవ్వ అందరికీ ఆకుల్లో వేడి బెల్లం పెట్టింది. తిన్నవాళ్లు మా అవస్థ చూస్తూ ఊరికే నిలబడలేకపోయినారు. ఒకాయన ఎద్దులు పట్టుకున్నాడు, ఒకామె చెరుకు అందించింది. చివరికి పొయ్యి మండించే ఆయనే వచ్చి, "లేమ్మా, పాకం మాడగొడతా ఉండావు" అని మా అమ్మను లేపి తన చోట తాను కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అవ్వ సాయంకాలమయ్యేసరికి తెట్టంతా ఒక చట్టిలో పోయించి, దూరంగా కొండ మొదట్లో పెట్టించేది. దాని తిండి దానికి ఆడనే దొరికిందేమో, అది మళ్లీ కొట్టం దాకా రాలేదు. బెల్లం అమ్ముడుపోయింది, ఆ ఏడాది మేము తిన్నాము.

ఆ చెరుకు తోట ఇప్పుడు మామిడి తోట, గానుగ ఇనుము ఎవరో పాత సామాన్ల వాడికి పోయింది. దానికి నాకు అంత బాధ లేదు, కాలం ఒకచోట నిలుస్తుందా. ఈమధ్య పెండ్లిండ్లకు పోయినప్పుడు మాత్రం మనసు కలుక్కుమంటుంది. మనం తింటూ ఉండగానే తర్వాతి బంతివాళ్లు వచ్చి మన కుర్చీ పట్టుకుని నిలబడతారు, పెరుగన్నం కలుపుకోకముందే ఆకు చివర్లు మడిచేవాళ్లు తయారు. పాపం వాళ్లకూ తొందరలుంటాయి, బస్సులుంటాయి.

అప్పుడు మాత్రం తొందర లేదా? ఆ సాయంకాలం మంచె మీద మా నాయన ముందర ఒక పక్క మా ఏడాది కూడు, ఇంకొక పక్క ఒక మృగం నోటికాడి కూడు ఉన్నాయి. తుపాకి దించడానికి ఆయనకు రెప్పపాటు కూడా పట్టలేదు. నేను ఆయన కూతుర్నే, ఆయన చేతి కూడు తిని పెరిగినదాన్నే, అయినా ఆయన చోట నేను ఉంటే ఏమి చేసి ఉండేదాన్నని నన్ను నేను ఎప్పుడు అడిగి చూసుకున్నా వెంటనే జవాబు రాదు. ఆలోచిస్తాను. మా నాయన ఆలోచించలేదు.